అందరు గోడ దిక్కు తిరుగుండ్రి!

మా సంసోను సారుకు ఒక్కటే అలవాటు. ఎవరన్న కంప్యూటర్ల పాస్‌వర్డ్ కొడుతున్నరంటే చాలు, చుట్టుపక్కల మనుషులందరు గోడ దిక్కు తిరగాలె. కస్టమరు తిరగాలె, కస్టమరు ఎంబడి వచ్చిన చుట్టం తిరగాలె, చాయ్ తెచ్చినోడు కెటిలు పట్టుకొనే తిరగాలె. సారు గూడ తిరుగుతడు. ఒకపారి తప్పిపోయి లోపలికొచ్చిన మేకను గూడ కొమ్ములు పట్టి అటు తిప్పిండు. నా కండ్లారా చూసిన.

నా పేరు ఆసిమ్. జూలూరుపాడు బస్టాండు కాడ ఒకటే షట్టరు కింద సగం నా జిరాక్సు మిషిను, సగం సారు నెట్ సెంటరు. అంతకుముందు సారు టైపు మాస్టరు. నేర్చుకునేటోళ్లు కరువైతే 2004ల టైపు మిషిన్లన్ని అమ్మి నాలుగు కంప్యూటర్లు తెచ్చిండు. "మిషిను మారితేంది ఆసిమ్, వేళ్లు అవే గద" అన్నడు.

సెంటరు గోడకు ఒకటే క్యాలెండరు. గోడ దిక్కు తిరిగినోడు అది చదువక ఏం చేస్తడు? మా ఊరి డిగ్రీ పిల్లలకు సిలబసు రాదు గని, ఆ ఏడు అమావాస్యలన్ని నోటికొచ్చు.

తండా నుంచి హాతీరాం వచ్చిండొక దినం. పత్తి రైతు, గొంతు పెద్దది. కుర్చీల కూసునుడుతోనే అన్నడు, "సారూ, నా పాస్‌వర్డ్ మా ఎడ్ల పేర్లే..."

"చెవులు మూసుకోండ్రి!" అని సారు ఒక్క కేక పెట్టిండు.

ఐదుగురం గోడ దిక్కు తిరిగి రెండు చెవుల్ల వేళ్లు పెట్టుకున్నం. గప్పుడే పోస్టుమ్యాను జైరాం వచ్చిండు. మా వాలకం చూసి గడపలనే ఆగిపోయిండు.

"ఏంది సారూ, మళ్ల బడి పెట్టినవా? వీళ్లేం తప్పు చేసిన్రు?"

"తప్పేం లేదన్నా, మా ఎడ్ల పేర్లు ఇనొద్దంట" అన్నడు హాతీరాం.

"ఎవలవి? మన గంగన్న, జంగన్నవేనా?"

సారు తల పట్టుకొని కూలబడ్డడు. ఆ దినమే కొత్త పాస్‌వర్డ్ పెట్టించిండు. ఎడ్లను మార్చుమనలేదు, గదొక్కటి నయం.

లారీ డ్రైవర్ జంపయ్యది ఇంకో కథ. పాస్‌వర్డ్ మర్చిపోతే అక్కరకొస్తదని కంప్యూటరు ఒక ప్రశ్న అడుగుతది గద. జంపయ్య "నీకు ఇష్టమైన కూర" అన్న ప్రశ్న పెట్టుకున్నడు.

"నాటుకోడి" అని కొట్టబోయిండు.

సారు చెయ్యి పట్టుకున్నడు. "నీకు నాటుకోడి పాణమని ఇక్కడికెళ్లి సత్తుపల్లి దాక ప్రతి హోటలుకు తెలుసు. నచ్చని కూర రాయి. దొంగకు జన్మల తట్టదు."

మూడు నెలలకు జంపయ్య చెమటలు కక్కుకుంట వచ్చిండు. "సారూ, పాస్‌వర్డ్ మర్చిపోయిన."

"మరి నచ్చని కూర కొట్టు."

"నాకు నచ్చని కూరలు ఇరవై ఉన్నయి సారు. ఏది రాసిన్నో యాదికొస్తలేదు!"

కాకర, సొర, దొండ, పొట్ల, బీర... సారు కాడ ఆ దినం మొత్తం కూరగాయల సంత నడిచింది. ఆఖరుకు అది తోటకూర.

సెంటరుల ఒక్కతాననే అయితే ఊరుకుందుము. కొత్తగూడెంల ఏటీఎం కాడ లైన్ల నిలబడి, ముందలున్నాయన నంబరు కొడుతున్నడని, "అందరు అటు తిరుగుండ్రి" అన్నడు. పెద్దమనిషి గద, పదిమంది తిరిగిన్రు. ఎనుకకెళ్లి వచ్చినోళ్లు ఇదే లైను మొదలనుకొని అటుదిక్కు నిలబడ్డరు. ఆఖరున ఉన్నోడు "నేనే ఫస్టు" అన్నడు. ఇంకేమున్నది, వాచ్‌మన్ ఊదిన ఈల బస్సుల కూసున్నోళ్లకు గూడ ఇనబడ్డది.

సారు భార్య ఇన్నమ్మక్కను అడిగిన, "ఇంట్ల గూడ గిట్లనేనా అక్కా?"

"నేను బీరువా తీస్తే తిరుగుతడు, మంచిదే. డబ్బలకెళ్లి కారం తీసినా తిరుగుతడు తమ్మీ! కూరల కారం ఎక్కువైతె మాత్రం, ఎవలు ఏసిన్రని నన్నే అడుగుతడు."

2006ల రోడ్డుకు అటుపక్క ఇంకో నెట్ సెంటరు పడ్డది. రంగు లైట్లు, మెత్తటి కుర్చీలు, ఎవలు ఎటన్న చూడొచ్చు. మా గిరాకీ సగం అటు పోయింది. ప్రైవేటు బడిల ఇంగ్లీషు చెప్పే క్రిస్టోఫర్ పోయేటప్పుడు సారుతోని అననే అన్నడు, "సారూ, మీ కాడ తిరిగి తిరిగి మెడ పట్టేస్తుంది."

నెల తిరగలేదు. క్రిస్టోఫర్ ఆడ మెయిలు తెరిచినోడు మూయకనే లేచి వచ్చిండు. ఎనుక కూసున్న ఆకతాయి ఎవడో క్రిస్టోఫర్ పేరుమీద "ఓ నా ప్రాణమా, నువ్వు లేక అన్నం పోతలేదు" అని ఒక ప్రేమలేఖ రాసి, లిస్టుల ఉన్న అందరికి పంపిండు. లిస్టుల ఆడపిల్లలెవలు లేరు. హెడ్మాస్టరు, పాస్టరు గారు, బీమా ఏజెంటు ఉన్నరు.

హెడ్మాస్టరు జవాబు రాసిండు: "రేపు ఉదయం నా రూముకు రాగలరు. తలుపు తెరిచే ఉంచెదను." పాస్టరు గారు ఆదివారం ప్రసంగం మొత్తం పరిశుద్ధ ప్రేమ మీదనే చెప్పిండు, అదీ క్రిస్టోఫర్ దిక్కే చూసుకుంట. బీమా ఏజెంటు మాత్రం, అన్నం పోతలేదంటే ఆరోగ్య పాలసీ మంచిదని రాసిండు.

క్రిస్టోఫర్ ఉరుక్కుంట మా కాడికే వచ్చిండు. సారు కుర్చీ జరిపి కూసోబెట్టిండు. పాస్‌వర్డ్ మార్పించి, ముగ్గురికి మూడు తీర్ల క్షమాపణ రాయించి, "పని అయినంక మూసి లేవాలె బిడ్డా, ఇంటి తలుపు ఏసినట్టు" అన్నడు. గిరాకీ మళ్ల మా దిక్కు తిరిగింది. జనం చెప్పకముందే గోడ దిక్కు తిరుగుడు మొదలుపెట్టిన్రు.

మరుసటేడు వచ్చింది ఎర్రమ్మ. అడివి అంచుల ఉన్న పిల్లల హాస్టల్‌ల వంట చేస్తది. నలభై దాటినయి. బేస్తవారం సంతకొచ్చి, కూరగాయల గంప గడప కాడ దించి, మూలకున్న కంప్యూటరు ముందల కూసునేది. సారు వెంటనే, "తిరుగుండ్రి!"

అందరి పాస్‌వర్డ్ అరనిమిషం. ఎర్రమ్మది ముప్పావుగంట.

డిగ్రీ చదివే మహిమ గోడకు ముఖం పెట్టే అడిగింది, "సారూ, గంత పొడుగు పాస్‌వర్డ్ ఏందది?"

"ఎంత పొడుగైతె అంత భద్రం."

రెండు వారాలు, మూడు వారాలు. బేస్తవారమంటే జనం జారుకునుడు షురువైంది. నేనే చెప్పిన, "సారూ, ఆమెను చిన్న పాస్‌వర్డ్ పెట్టుకోమను. గిరాకీ పోతుంది."

"పోనీ" అన్నడు సారు. గంతే.

ఇంకో బేస్తవారం నా జిరాక్సు మిషిన్ల కాగితం ఇరికింది. కిర్రుమని సప్పుడు. మిషిను కాలిపోతదని జల్దీ ఎనుకకు తిరిగిన. ఎర్రమ్మ కంప్యూటరు కనబడ్డది. మెయిలు లేదు, పాస్‌వర్డ్ డబ్బ లేదు. నెట్ వైరు ఊడబీకి బల్ల మీద పెట్టి ఉన్నది. తెర నిండ ఒక్కటే అక్షరం, గుమ్మడికాయంత "మ". ఎర్రమ్మ దాని మీద వేలు పెట్టి దిద్దుతున్నది, నాలుక కొస బయటపెట్టి, చిన్నపిల్ల తీరు. సారు గోడ దిక్కే నిలబడి, క్యాలెండరు చదువుతున్నట్టు చిన్నగ చెప్తున్నడు, "కింద గుండ్రం... మీదికి తేవాలె... ఆఁ, గట్ల."

నేను మల్ల గోడ దిక్కు తిరిగిన. కాగితం ఇరికితే ఇరికింది.

జనం పోయినంక సారు చెప్పిండు. ఎర్రమ్మది పద్దెనిమిదేండ్ల నౌకరి, ఇంక పర్మినెంటు కాలేదు. ఆ ఏడు చేస్తమన్నరట, గని చదువుడు రాసుడు రావాలె. బడులు తెరిచినంక ఆఫీసరు వచ్చి చూస్తడు.

"హాస్టల్ పిల్లలే గద మన కాడికొచ్చేది" అన్నడు సారు. "అన్నం పెట్టే అమ్మ అ, ఆ దిద్దుతుంటె వాళ్లు చూస్తరని ఆమెకు సిగ్గు. రాత్రి బడికి పొమ్మంటె పోలే. మా ఇంటికి రమ్మంటె రాలే. ఎవ్వరు చూడకుండ నాది పూచీ అంటె వచ్చింది."

"మరి ఊరందరిని మూడేండ్ల సంది తిప్పుతున్నవు, గదంత ఎందుకు సారు?"

"అది గూడ ఉత్త సాకు కాదు ఆసిమ్. కొడుతున్నోళ్లను కొట్టుకోనియ్యాలె. మనకేం పని చూడ?"

ఆ తర్వాత బేస్తవారం "తిరుగుండ్రి" అని సారుకంటె ముందు నేనే అరిచిన. మహిమ గొణిగితే, "గోడకు దగ్గర జరుగు" అన్న.

జులైల ఆఫీసరు వచ్చిన దినం, దరఖాస్తుల జిరాక్సులు ఇచ్చే సాకుతోని నేను గూడ హాస్టల్‌కు పోయిన. పిల్లలందరు వరండల నిలబడ్డరు. ఆఫీసరు పేపరు చేతికిచ్చి, ఏదన్న చదువుమన్నడు. ఎర్రమ్మ పేపరు అటు ఇటు తిప్పింది. గొంతు సవరించుకున్నది. నా గుండె జిరాక్సు మిషిను తీరు కొట్టుకున్నది.

"భ...ద్రా...చలం... కాడ... గోదావరి... పెరుగుతున్నది" అని చదివింది. పేపర్ల "వద్ద" అని ఉంటె ఆమె "కాడ" అన్నది, గంతే తేడ.

"చాలమ్మా, చాలు" అన్నడు ఆఫీసరు.

"ఆగుండ్రి సారు, ఇంక రెండు లైన్లున్నయి!"

పిల్లలు కొట్టిన సప్పట్లకు వంటింట్ల గిన్నెలు మోగినయి. నౌకరి పర్మినెంటు అయ్యింది.

ఆ వచ్చిన బేస్తవారం ఎర్రమ్మ సంత నుంచి లడ్డూలు పట్టుకొచ్చింది. లోపలికి రాక రోడ్డు మీదనే నిలబడి, మీదికి చూసుకుంట పెదవులు కదుపుతున్నది.

"ఆసిమ్ తమ్మీ, నువ్వు జిరాక్సు తియ్యవా?"

"అదే గదక్కా నా పని?"

"మరి బోర్డు మీద 'ఇచ్చట జిరాక్సు తీయబడదు' అని ఉన్నదేంది?"

బయటికి ఉరికిన. నిజమే! మూడేండ్ల సంది నా దుకాణం మీద అదే ఉన్నది. రాసినోడు చూసుకోలే, నేను చూసుకోలే, ఊరు చూసుకోలే. సారు బల్ల పట్టుకొని నవ్వుతున్నడు.

"నీకు తెలుసా సారు?"

"బోర్డు ఎక్కిచ్చిన దినం సంది తెలుసు."

"మరి చెప్పలే?"

"నువ్వు గంత సంబురంగ ఎక్కిచ్చుకుంటివి. నేను చూడనట్టుంటె ఏమాయె అనుకున్న."

ఎర్రమ్మ పక్క దుకాణంలకెళ్లి రంగు డబ్బ, కుంచె అడిగి తెచ్చింది. నేను స్టూలు పట్టుకున్న. ఆమె పైట బొడ్లె చెక్కి ఎక్కి, "డ"కు కొమ్ము తగిలించింది, "దు" చెరిపి "ను" రాసింది. దిగి, దూరం పోయి, ఒకపారి పైకే చదువుకున్నది.

ఆ "ను" జర వంకర. గట్లనే ఉంచిన.