వెనక సీట్లో పడుకున్న రైఫిల్

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా కథలు విని నవ్వుకునే మా ఇందిరాపురం అపార్ట్‌మెంట్ వాళ్ళు కూడా ఈ ఒక్కసారికి నమ్మాలి. మా అమ్మ మీద ఒట్టు. ఈ ఉదయం పై అంతస్తు ఆంటీ బాల్కనీలో రజాయి దులిపారు. పాత దూది వాసన కిటికీలోంచి వచ్చి తగలగానే నా వేళ్ళు చల్లబడ్డాయి. సూర్యనారాయణ మాస్టారు గుర్తొచ్చారు.

సైన్యంలో తుపాకులు బాగుచేసి రిటైరైన శ్రీకాకుళం మనిషి ఆయన. రెండువేల ఆరో, ఏడో. అప్పుడు నేను ఈ ఉత్తరాదిలోనే ఒక ప్రభుత్వ కార్యాలయంలో తాత్కాలిక గుమస్తాని. ఆఫీసు షూటింగ్ జట్టులో చోటు దొరికితే ఉద్యోగం ఖాయమవుతుంది. నాకు గురి నేర్పిందీ, తన దుర్బీను రైఫిల్‌ను చేతికిచ్చిందీ ఆయనే. దాన్ని కారులో తీసుకెళ్ళడం ఆయనకొక పూజ. ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసేవారు. స్పాంజి పరిచిన పెట్టెలో దుర్బీను పైకి ఉండేలా పడుకోబెట్టేవారు. వెనక సీటు మీద రజాయి మడతపెట్టి, దానిపై పెట్టె ఉంచి, నూలు పట్టీలతో కట్టేవారు. స్పీడ్‌బ్రేకర్ కనిపిస్తే, "కాసుకో తల్లీ, గతుకొస్తంది" అని పెట్టెను హెచ్చరించేవారు.

"డిక్కీలో పడేస్తే ఏమవుతుంది మాస్టారూ?" అని ఒకసారి అడిగాను.

"ఏటీ అవదు. గీత కూడా పడదు. లోపల గురి మాత్రం వెంట్రుకంత జరిగిపోద్ది. పైకి బాగానే ఉంటాది, నమ్మినోడిని ముంచేస్తాది."

జట్టు ఎంపిక రోజు ఉదయం పొగమంచులో రోడ్డే లేదు. ఆయన నడుపుతున్నారు, పక్కన నేను. మంచులోంచి ఒక చెయ్యి లేచింది. కానిస్టేబుల్. కాగితాలు చూసి, వెనక కిటికీలోకి వంగాడు.

"శీషా చఢా లో భయ్యా, దీదీ కాంప్ రహీ హై."

అద్దం ఎక్కించమంటున్నాడు, వెనకున్న అక్క చలికి వణుకుతోందట! వెనక పెట్టె తప్ప ఎవరూ లేరు. మాస్టారు "అచ్ఛా భయ్యా" అని అద్దం ఎక్కించి, కారు కదిలించారు.

"ఎవరు మాస్టారూ?"

"ఎవులైతే ఏటి? బద్రంగా తీసుకెల్దాం."

నా మెడ మీద ఎవరో ఊపిరి వదులుతున్నట్టే ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు. దారిలో ఒక ధాబా దగ్గర ఇద్దరం దిగి టీ తాగాం. షూటింగ్ రేంజికి చేరి వెనక తలుపు తీస్తే, పెట్టె లేదు. రజాయి మీద మనిషి పడుకుని లేచినంత పల్లం. పట్టీలు విప్పి ఉన్నాయి. పెట్టె డిక్కీలో బోర్లా పడి ఉంది.

అప్పటికే ఆలస్యమైంది, గురి సరిచూసుకునే వ్యవధి ఇవ్వలేదు. నా గుండ్లన్నీ ఒక్కటొక్కటిగా ఎడమకే పోయాయి. జట్టూ పోయింది, ఉద్యోగమూ పోయింది. మాస్టారు తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు.

"నానే పెట్టుంటాన్రా బాబూ. మతిమరుపు చేతుల్లోకి వచ్చీసింది."

ఆ నెలలోనే ఆయన నేర్పడం మానేశారు.

ఒట్టు పెట్టాను కాబట్టి చెప్పాలి. కానిస్టేబుల్ మాట కల్పన కాదు. ఇద్దరం టీకి దిగామన్నది కల్పన. ఆయన ఒక్కరే దిగారు. ఆ పెట్టెతో ఒకే చోట కూర్చోలేక నేనే పట్టీలు విప్పి డిక్కీలో పడేశాను. ఆయన తన చేతుల్ని అనుమానించుకుంటుంటే పక్కనే నిలబడ్డాను. ఇన్ని అబద్ధాలు అలవోకగా ఆడే నోరు, "మీరు కాదు మాస్టారూ" అనడానికి తెరుచుకోలేదు. ఇప్పుడు తెరిచినా వినడానికి ఆయన లేరు.