ఎనిమిది రోజుల దారి

ఆ పద్నాలుగు అంతస్తుల భవనంలో లిఫ్టు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అయినా దాన్ని బాగుచేసే మెకానిక్కే వీపున ఇంత పెద్ద సంచీ తగిలించుకుని రొప్పుతూ మెట్లెక్కుతున్నాడు. వెనకాలే అలాంటి సంచీతో అతని బావమరిది.

"ఏమయ్యా, నువ్వే మెట్లెక్కుతుంటే మాకు లిఫ్టెక్కాలంటే గుండెలు అదురుతున్నాయి," అంది మూడో అంతస్తు పెద్దావిడ.

"లిఫ్టుకేం ఢోకా లేదమ్మా. చెడిపోయింది మా బుర్రలే," అన్నాడు బావమరిది.

మెకానిక్ పకపకా నవ్వాడు.

ముప్పై ఏళ్లుగా లిఫ్టు గోతుల చీకట్లో, ఒళ్లంతా గ్రీజు పూసుకుని బతికినవాడు అతను. బావమరిది సర్వేయరు, జీవితమంతా ఎవరెవరివో పొలాలకు హద్దులు కొలిచాడు. భార్య పోయినప్పటి నుంచి అక్కా బావల ఇంట్లో, ముందు గదిలోనే ఉంటున్నాడు. మోకాళ్లు మొరాయించకముందే ఒక్కసారి ఎత్తైన మంచుకొండల దారొకటి నడిచి రావాలని మూడేళ్ల క్రితం ఇద్దరూ పంతం పట్టారు; ఈ మెట్లెక్కడం దానికి సాధన. ఎనిమిది రోజుల నడక. మూడో రోజు దాటితే ఊరు లేదు, కొట్టు లేదు. గుడారం, పొయ్యి, తిండి అన్నీ వీపు మీదే మోయాలి. దారిలో రెండు కనుమలు. వాటిలో పెద్దది ఏడాదికి రెండు నెలలే తెరిచి ఉంటుంది, మిగతా కాలమంతా మంచే.

ఆదివారం పది కొట్టేసరికి భోజనాల బల్ల మీద మ్యాపు పరిచేవాడు బావమరిది. "ఈ గీతలు ఇలా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయంటే నిట్టనిలువు ఎక్కుడు. అక్కడ మనకి ముత్తాతలు కనిపిస్తారు బావా!" ప్రతి వస్తువునూ కొక్కెం త్రాసుకు తగిలించి తూచేవారు. బరువు తగ్గాలని పళ్లు తోముకునే బ్రష్షుల పిడులు సగానికి కోశారు.

"ఆ పళ్లు కూడా పీకించుకోండి, ఇంకాస్త తేలికవుతారు," అనేది మెకానిక్ భార్య. అంటూనే తమ్ముడి కోసం ఉన్ని మేజోళ్లు అల్లేది.

ఆ కొండదారి నడవడానికి అనుమతి కాగితం వచ్చిన వారమే బావమరిది ఏ రోజు ఎక్కడిదాకా నడవాలో పట్టిక రాశాడు. అందులో నాలుగో రోజు రెండుసార్లు ఉంది. పెద్ద కనుమ దాటాల్సిన అయిదో రోజు అసలు లేదు. సంబరంలో తడబడ్డాడనుకుని మెకానిక్ సరిదిద్దాడు. మళ్లీ రాయిస్తే నాలుగో రోజు మూడుసార్లు వచ్చింది. ఆ తర్వాత ఒక ఉదయం తొమ్మిదో అంతస్తు మెట్ల మీద బావమరిది సంచీ దించి కూర్చున్నాడు.

"బావా, ఇంతకీ ఎవరింటికొచ్చాం?"

మెకానిక్ నవ్వడానికి సిద్ధంగా నిలబడ్డాడు. కానీ బావమరిది కళ్లల్లో వేళాకోళం లేదు, బెదురుంది.

డాక్టరు స్కానింగులన్నీ చూసి నాన్చకుండా చెప్పాడు. "మరుపు జబ్బు. ఈ వయసులో రావడం అరుదు, వస్తే తొందరగా ముదురుతుంది. కొండల మాట వదిలేయండి, వీధి చివరికైనా ఒంటరిగా పంపకండి."

ఆ ఆదివారం బావమరిది మ్యాపు విప్పబోతుంటే మెకానిక్ అతని చెయ్యి పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. దాచడం ద్రోహమనిపించింది. బావమరిది మ్యాపు పక్కన పెట్టేశాడు. తర్వాత చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "నా మూలాన నీ ప్రయాణం చెడకూడదు బావా. నువ్వెళ్లు. వచ్చి నాకు చెప్పు."

మరుసటి ఆదివారం పదింటికి మ్యాపు పట్టుకుని హుషారుగా వచ్చాడు. "ఇంకెన్ని రోజులుంది బావా?"

మెకానిక్‌ అతన్ని కూర్చోబెట్టాడు. మళ్లీ చెప్పాడు. మళ్లీ మ్యాపు పక్కన పెట్టడం, అదే ఏడుపు, పొల్లు పోకుండా అవే మాటలు. మూడో ఆదివారం కూడా అంతే. అతనికది ప్రతిసారీ కొత్త కబురే, ప్రతిసారీ మొదటి దెబ్బే.

ఆ రోజు భార్య మెకానిక్‌ను వంటింట్లోకి లాగింది. "నిజం చెప్తున్నాననుకుంటున్నారా? వాణ్ని వారం వారం చంపుతున్నారు. ఇక చాలు, మీకు దణ్ణం పెడతా."

మెకానిక్ ఇంకెప్పుడూ చెప్పలేదు. అనుమతి కాగితం వెనక్కి పంపించేశాడు. ఒంటరిగానైనా వెళ్లి రమ్మని భార్య కూడా అంది. ఒక సాయంత్రం సంచీ సర్ది, వీపుకెత్తుకుని అద్దం ముందు నిలబడి చూశాడు కూడా. పక్కన రెండో మనిషి లేకపోతే ఎటు నడవాలో తోచలేదు. దించేశాడు.

బయల్దేరాల్సిన రోజు ఆదివారమే అయింది. బావమరిది మ్యాపు పరిచి, వేలితో దారి వెంబడి వెళ్తూ ఒకచోట ఆగాడు.

"బావా, ఒకమాట. అక్కడ నేను నడవలేకపోతే వదిలేసి పోవు కదా?"

"పోనురా."

"ఒట్టు?"

"ఒట్టు," అన్నాడు మెకానిక్. మ్యాపు అంచు ఎగరకుండా అరచేత్తో నొక్కిపట్టి కూర్చున్నాడు. బావమరిది నిశ్చింతగా పెన్సిలు తీసుకుని, మొదటి రోజు నడక ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పసాగాడు.