పియానోకు నేసిన నవారు

హిందూపురంలో పియానోలు బాగుచేసేవాడు ఒకడున్నాడంటే హిందూపురం వాళ్ళే నమ్మరు. మా వీధిలో ఇప్పటికీ నన్ను హార్మోనియం రిపేరీ ఆయన అనే చెప్పుకుంటారు. పని నేర్చుకున్నది బెంగళూరులో, ఒక పియానోల దుకాణంలో. అక్కడి అద్దెలు భరించలేక సొంతూరికి వచ్చేశాను. ఇప్పటికీ సగం వారం రైలెక్కి బెంగళూరికే పోతాను. మిగతా రోజుల్లో ఇటు పెనుకొండ, ధర్మవరం వైపు చర్చీల వాళ్ళో బడుల వాళ్ళో పిలిస్తే వెళ్తాను.

ఈ వృత్తిలో చెవికంటే నోటికే పని ఎక్కువ. జనం సామానుకు ధర ఇస్తారు గానీ చేతి పనికి ఇవ్వరు. పెనుకొండ చర్చిలో ఒకసారి రెండు తీగలు మార్చి, మధ్యాహ్నమంతా కూర్చుని మొత్తం శ్రుతి చేశాను. సంఘపెద్ద పాత తీగలు రెండూ చేతిలోకి తీసుకుని, తూకం చూస్తున్నట్టు ఊపి, "మార్చింది ఇంతే గదప్పా, దీనికి ఇన్ని దుడ్లా?" అన్నాడు. తీగలు కనబడ్డాయి, శ్రుతి కనబడలేదు. అందుకే మాలో చాలామంది కూలిని సామాను ధరలోనే కలిపేస్తారు. లోపల వేసే ఫెల్టు గుడ్డ జర్మనీ నుంచి వచ్చిందని చెప్పి రెట్టింపు అడిగితే మారుమాట లేకుండా ఇస్తారు. నాకది ఒంటికి పడదు. సామాను కొన్నది ఇంతకు, తెప్పించడానికి ఇంత, నా కూలి ఇంత అని విడివిడిగా చెప్తాను, చెప్పి కూలి దగ్గర పోట్లాడతాను. కోపం నీకు ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఉంటుంది మరి.

ధర్మవరం నుంచి నాకు ఫోన్ చేసిన అమ్మాయి ఒక బడిలో సంగీతం టీచరు. బెంగళూరులో ఏదో స్కూలు మూతపడితే వాళ్ళ పాత పియానో కొనుక్కుని, మినీ లారీలో ఇంటికి తెచ్చుకుంది. సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలకు దాని మీదే నేర్పుతుంది. నేను వెళ్ళేసరికి ముందు గదిలో ఒక పక్క పియానో, ఇంకో పక్క మగ్గం. మగ్గం గుంతలోకి కాళ్ళు దింపుకుని వాళ్ళ నాయన పట్టుచీర నేస్తున్నాడు. మూలన వాళ్ళమ్మ కండెలు చుడుతోంది.

పియానో ముందు పలక తీసి చూస్తే లోపల ఎలుకల సంసారం. వేలితో నొక్కే ప్రతి మెట్టుకూ తీగను కొట్టే సుత్తి ఒకటి ఉంటుంది. ఆ సుత్తి చప్పున వెనక్కి వచ్చేలా పట్టుకునేది వేలెడు పొడవు నూలు పట్టీ. ఎనభై ఎనిమిది మెట్లకు ఎనభై ఎనిమిది పట్టీలు. ఎలుకలు వాటిలో చాలావాటిని కొరికి గూడు కట్టుకున్నాయి. అందుకే చాలా మెట్లు వెంటవెంటనే నొక్కితే రెండోసారి పలకడం లేదు.

"ఎంతయితాదన్నా?" అని అడిగింది అమ్మాయి. పట్టీలు బయటి దేశం నుంచి రావాలి కాబట్టి వాటికింత, నా కూలి ఇంత అని చెప్పాను.

మగ్గం ఆగింది. పెద్దాయన గుంతలోంచి లేచి వచ్చి, ఎలుకలు కొరికేసిన పట్టీ ముక్క ఒకటి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఏమప్పా, ఇది సన్న నవారే గదా? మంచానికి అల్లే నవారు. దీనికి అంత ధరనా? పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టుండాదే!"

అమ్మాయి ముఖం వాడిపోయింది. నన్ను వాకిట్లోకి తీసుకెళ్ళి సంగతి చెప్పింది. హిందూపురంలో పెళ్ళి మంటపాలు అలంకరించే ఒకాయన ఈ పియానోను అడుగుతున్నాడట. తెల్లరంగు వేసి, పూలు చుట్టి, పెళ్ళి జంటను పక్కన నిలబెట్టి ఫోటోలు తీయించడానికి. మోగకపోయినా ఆయనకు ఫరవాలేదు. రిపేరీకి ఎక్కువయ్యేట్టుంటే ఇచ్చేద్దామని నాయన ఒప్పేసుకున్నాడు. వచ్చే ఆదివారం బండి వస్తుంది.

బాగయ్యే పియానోను బొమ్మను చేస్తామంటే నాకు ఒళ్ళు మండుతుంది. లోపలికొచ్చి ఆ మంటలోనే అనేశాను. "అట్లయితే పెద్దాయనా, నీ చీరలో మాత్రం ఏముండాది? దారమే గదా?"

కండెలు చుట్టే చప్పుడు కూడా ఆగిపోయింది. నోరు జారానని భయపడ్డాను. ఆయన మాత్రం నవ్వాడు.

"మా షావుకారు కూడా ఇదే మాటంటాడప్పా. జరీ ఎంత, పట్టు ఎంత అని తూకమేస్తాడు. కూలి కాడికి వచ్చేతలికి ఫోనొచ్చిందని బయటికి పోతాడు."

ఆ తర్వాత భూతద్దం తెచ్చుకుని, ఎలుకలు వదిలేసిన మంచి పట్టీ ఒకటి అడిగి తీసుకుని, పోగుపోగూ చాలాసేపు చూశాడు. "దీన్ని నేను నేస్తా," అన్నాడు.

వద్దన్నాను. ఇంటివాళ్ళు ఇచ్చిన సామాను వేస్తే మాకు తలనొప్పే. రేపు తెగితే సామానును ఎవరూ ఏమీ అనరు, వేసినవాడికి పని రాదంటారు. ఆ మాటే ఆయనతో చెప్పాను. "తెగితే నా పేరు చెప్పుకోపో," అన్నాడు. ఆదివారం లోపల పట్టీలు తెప్పించే దారి నాకూ లేదు. సరేనన్నాను.

రెండు రోజుల తర్వాత వెళ్తే పట్టుతో నేసి పెట్టాడు. అంచున ఎర్రపోగు కూడా తిప్పాడు. అంత అందమైన పట్టీని ఏ పియానో కంపెనీ వాడూ చూసి ఉండడు. తీరా బిగిస్తే నున్నటి పట్టు కొక్కేనికి నిలవక జారిపోయింది. నూలుతోనే నేయాలని చెప్తే ఆయనకు చిన్నతనమనిపించింది.

"ధర్మవరంలో పట్టుమగ్గం పెట్టుకోని నవారు నేస్తాండానంటే నలుగురూ నవ్వుతారప్పా."

"తలుపేసుకోని నెయ్యిరాదా," అంది అమ్మాయి వాళ్ళమ్మ మూల నుంచి.

నిజంగానే తలుపేసుకుని నేశాడు. చిన్న చెక్క చట్రానికి నూలు పడుగు కట్టి నేసి, గంజి పెట్టి, ఆరబెట్టి, చుట్ట చుట్టి ఉంచాడు. శనివారం పొద్దున్నే వెళ్ళి నేను పని మొదలుపెట్టాను. ఒక్కొక్కటీ కొలిచి కత్తిరించాలి, కొసకు చిన్న తోలు ముక్క అతికించాలి, బిగించాలి. పొడవులో ఏ కొంచెం తేడా వచ్చినా సుత్తులు వరసలో నిలబడవు. ఆయన పీట వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. నన్ను కనిపెట్టుకుని ఉండడానికేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి, నేను చెయ్యి చాపకముందే తర్వాతి పట్టీ అందిస్తున్నాడు.

"నడుము నొప్పి పుట్టదా అప్పా, ఇట్ల వంగి వంగి?" అని అడిగాడు ఒకసారి. పుడుతుందన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగిన ఇంటివాడు ఆయనొక్కడే.

సాయంత్రం అమ్మాయి వచ్చి ఒకే మెట్టును గబగబా నొక్కింది. నొక్కినన్నిసార్లూ పలికింది. పెద్దాయన నా కూలి బేరమాడకుండా చేతిలో పెట్టాడు. అయినా ముఖంలో సంతోషం లేదు.

"బాగుండాదిలేమ్మా. ఇయ్యాల పట్టీలు, రేపు ఇంగోటి పోతాది. నాకొచ్చే కూలితో దీన్ని యాడ సాకేది? బండి రానీ."

అమ్మాయి పియానో మూత వేసేసింది.

పనిముట్లు సర్దుకుంటుంటే మిగిలిన నవారు చుట్ట చేతికి తగిలింది. బెంగళూరులో నేను చూసే పాత పియానోలకు చాలావాటికి ఇదే జబ్బు. పట్టీల కోసం ఎప్పుడూ ఎదురుచూపులే. ఇంత గట్టి పట్టీని మన జిల్లాలోనే పెట్టుకుని నేను దేనికి ఎదురుచూడాలి?

"పెద్దాయనా, ఈ చుట్ట నాకియ్యి. ఇంకా నేసిచ్చినా తీసుకుంటా. గజం ఎంత?"

"నువ్వే చెప్పప్పా."

"నేనెందుకు చెప్తా? చెయ్యి నీది, సరుకు నీది. ధర నువ్వు చెప్పాల."

ఆయన భార్య వైపు చూశాడు. మగ్గం వైపు చూశాడు. "ఇంతవరకు నన్ను ఎవురూ ధర అడగలేదప్పా," అన్నాడు. "చీర మడిచి ఇస్తే వాళ్ళే చెప్తారు. నేను తలూపుతా."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆయన చెప్పేదాకా కూర్చున్నాను. వేళ్ళు ముడుస్తూ నూలుకింత, గంజికింత, ఆమె చుట్టిన కండెలకింత అన్నాడు. తన కూలి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గింది. చెప్పి, తగ్గించమంటానేమోనని నా మొహంలోకి చూశాడు. సరేనన్నాను.

"ఇంగ రొంత ఎక్కువ చెప్పకపోతివా," అంది వాళ్ళమ్మ. అందరం నవ్వాం.

ఆ నవ్వులోనే ఆయన ఫోన్ తీసి మంటపాల ఆయనకు చేశాడు. "రేపు బండి తేవద్దప్పా. లేదు, మోగుతాండాది, అందుకే." అవతలి మనిషి ధర పెంచుతున్నట్టున్నాడు. ఈయన కాసేపు విన్నాడు. "నువ్వెంత చెప్పినా లాభం లే. నా ఇంట్లో సామానుకు ధర చెప్పాల్సింది నేను గదా? నేను చెప్పను."

అమ్మాయి పియానో మూత తీసింది గానీ వాయించలేకపోయింది. మెట్ల మీద చేతులు పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. ఆయన మగ్గం గుంతలోకి దిగి, పోగు నడిపే నాడె చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంగ కండ్లు తుడుచుకోమ్మా," అన్నాడు. "పిల్లోళ్ళొచ్చే యాళాయె."