మోతీ ముట్టని నీళ్లు

హిందూపురం స్టేషన్‌లో దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఏప్రిల్ నెల, డెబ్బైల చివరి సంగతి. వెంట నా కుక్క మోతీ ఉంది. అల్సేషియన్, ఆడది, మూడేళ్లది. ఊరి బయట రేకుల షెడ్లలో సైన్యం సామాను దించారు. దానికి ఆరు వారాలు కాపలా. రెండు కుక్కలు, వాటిని నడిపే సిపాయిలం, అంటే హ్యాండ్లర్లం, ఇద్దరం. రెండోవాడు మడకశిర అతను. నేను పెనుకొండలో పుట్టినవాణ్ణి, ఆ ఎండ నాకు కొత్త కాదు. మోతీ మాత్రం చలి ప్రాంతంలో పెరిగింది. మొదటి రోజు నుంచే షెడ్డు నీడ వదలనంది.

మా కుక్కలు పరాయి చేతి తిండి గానీ నీళ్లు గానీ ముట్టవు. ఎవరైనా విషం పెడతారని అలా నేర్పుతాం. ఎవరి కుక్కకు వారి సైగ, పక్క హ్యాండ్లరుకు కూడా తెలియనివ్వం. మెడ కింద నేను రెండుసార్లు తడితేనే మోతీ గిన్నెలో మూతి పెట్టేది. కుక్కను ఇంకొకరికి అప్పగించేటప్పుడు మాత్రం పక్కన కూర్చుని, వాళ్ల చేత తట్టించి, తాగించి, ఆ తర్వాతే లేవాలి.

ఆరో వారంలో సామానంతా లారీలో ధర్మవరం చేర్చమన్నారు. నాలుగు రోజులు కుక్కల్ని ప్రయాణానికి సిద్ధం చేశాను. ఇంజను ఆన్‌లో ఉంచి లారీలో కూర్చోబెట్టాను. మొదట పది నిమిషాలు, తర్వాత గంట. కుదుపులకు కక్కుకోకుండా ముందురోజు సాయంత్రమే తిండి ఆపాను. తడి గోనెలు, రెండు క్యాన్ల నీళ్లు ఎక్కించాను. తెల్లవారుజామున నాలుగుకు కదిలితే ఎండ ముదరకముందే ధర్మవరంలో ఉంటాం.

నాలుగయింది. కాగితం మీద సంతకం కాలేదన్నారు. ఏడయింది. ఆఫీసరు ఇంకా రాలేదన్నారు. పదిన్నరకు సంతకం వచ్చింది, దాంతో పాటు ఇంకో ఆర్డరూ వచ్చింది. నేను రైల్లో ముందు వెళ్లి ధర్మవరంలో చోటు చూడాలట. కుక్కల వెంట మడకశిర అతను ఒక్కడు చాలట.

హవల్దారుతో వాదించాను. ఈ ఎండలో బండి కదలకూడదన్నాను. కదిలితే నా కుక్కతో నేనే వెళ్తానన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఆర్డర్ అయిపోయింది. రైలుకు ఇరవై నిమిషాలుంది."

ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజుల కష్టం ఎవడికీ పట్టలేదు. గొలుసు మడకశిర అతని చేతిలో పడేసి, వెనక్కి చూడకుండా స్టేషన్‌కు నడిచాను. సైగ చూపించలేదు. రైలు పెనుకొండ దాటాక గుర్తొచ్చింది. దిగి వెనక్కి వెళ్లినా లారీ ఎక్కడుందో ఎవరికి తెలుసు? మూడు గంటల ప్రయాణమే కదా అని సర్దిచెప్పుకున్నాను.

లారీ సాయంత్రం ఆరుకు వచ్చింది. పెనుకొండ రాకముందే రేడియేటరు పోయి, చెట్టన్నది లేని చోట నాలుగు గంటలు ఆగిపోయిందట. రెండో కుక్క మామూలుగానే దిగింది. డ్రైవరు తన తువ్వాలు తడిపి మోతీ మీద కప్పి ఉంచాడు. నోట్లో పోసినా బయటికి వదిలేసిందని చెప్పాడు. మడకశిర అతను నా ముఖం చూడలేదు.

"ఎంత బతిమాలినా ముట్టలేదప్పా. గిన్నె పెడితే మూతి తిప్పుకుంటాండాది. నువ్వేమో ఒక్క మాట చెప్పకుండా పోతివి."

నేను లారీ ఎక్కి మెడ కింద రెండుసార్లు తట్టాను. తాగింది. సగం గిన్నె తాగి కక్కింది. పశువుల డాక్టరు వచ్చేసరికి ప్రాణం పోయింది.

రిపోర్టులో వడదెబ్బ అని రాశారు. సంతకం ఆలస్యం గురించి ఒక్క ముక్క లేదు. సైగ గురించి నేనూ నోరు విప్పలేదు, మడకశిర అతనూ విప్పలేదు. అది అతని మంచితనం. నాది పిరికితనం.

కొన్నేళ్లకు రిటైరై పెనుకొండ వచ్చేశాను. ఆ సంతకం పెట్టినాయన మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ కళ్ల ముందుకు వచ్చేది ఆయన కాదు. నేను లారీ ఎక్కగానే మోతీ లేవబోయింది, వెనక కాళ్లు నిలవలేదు. మూతి ముందే నిండు గిన్నె ఉంది. దానికేసి చూడలేదు. నేను తట్టడానికి వీలుగా గడ్డం పైకెత్తి పెట్టింది.