కళ్లు మూసుకుని చేసిన తీర్మానం

మార్తగారు ముప్ఫై ఏళ్లు విజయవాడలో నర్సుగా చేసి రిటైరయ్యారు. సూది చేతిలో ఉంటే ఎంతటివాడైనా ఆవిడ మాట వినాల్సిందే. అలాంటి మనిషి క్రైస్తవ సేవా ట్రస్టు బోర్డులో చేరిన ఈ ఐదేళ్లలో పలికిన మాట మాత్రం ఒక్కటే: ఆమేన్.

తప్పంతా ఆవిడదే అనలేం. చైర్మన్ వెంకటకృష్ణారావుగారు పాత లెక్చరరు. భోజనాలయ్యాక, ఫ్యాను కింద, ఆయన ముగింపు ప్రార్థన ఎత్తుకోగానే మిగతా ఆరుగురు ట్రస్టీలూ తల వంచి కళ్లు మూసుకుంటారు. ఇద్దరైతే గురకదాకా వెళ్లొస్తారు. చర్చలో తేలని సంగతులన్నీ ఆయన అప్పుడు ప్రభువుకు విన్నవిస్తారు. "ఫలానా పని చేయ నిశ్చయించిన నీ బిడ్డలను దీవించుము తండ్రీ" అంటారు. అందరూ ఆమేన్ అంటారు. సెక్రటరీ స్టెల్లా మినిట్స్ బుక్కులో "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాసేస్తుంది. ఎవరికీ ఏ కష్టమూ లేకుండా బోర్డు హాయిగా నడిచిపోయేది.

జూన్ మీటింగు తర్వాతి మంగళవారం మార్తగారు ఎప్పటిలాగే మైలవరం వెళ్లారు. అక్కడి ట్రస్టు క్లినిక్కులో వారానికోసారి బీపీలు చూడటమంటే ఆవిడకు ప్రాణం. తీరా చూస్తే తలుపుకి తాళం. మెట్ల మీద, వారం వారం బీపీ చూపించుకునే తెరేసమ్మ కూర్చుని ఉంది.

"ఇంక తియ్యరంటగా అమ్మగారూ? బోర్డోళ్లంతా ఒప్పుకున్నారంట. మీరు కూడానంట!"

మార్తగారికి తల కొట్టేసినట్టయింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆయన "మైలవరం భారమును దించుకొన నిశ్చయించిన నీ బిడ్డలను" అంటుండగా తాను కునుకులోంచి ఉలిక్కిపడి లేచి, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నారు. సిగ్గుతో ఆ మెట్ల మీదే కూర్చుని తెరేసమ్మకి బీపీ చూశారు. ఎక్కువే ఉంది. తనకీ ఎక్కువే ఉండుంటుంది.

జులై మీటింగులో ప్రారంభ ప్రార్థన వంతు మార్తగారిది. అందరూ కళ్లు మూసుకున్నారు.

"దయగల తండ్రీ, మైలవరం క్లినిక్కును మరల తెరువ నిశ్చయించిన నీ బిడ్డలను దీవించుము. మంగళవారము అక్కడికి వచ్చి బల్లలు తుడువ సమ్మతించిన మా చైర్మన్ గారిని మరి ఎక్కువగా దీవించుము."

"ఆమేన్!" అన్నారందరూ. అలవాటు కొద్దీ చైర్మన్ గారు కూడా. స్టెల్లా కలం అప్పటికే "ఏకగ్రీవంగా" దాకా వచ్చేసింది.

చైర్మన్ గారు కళ్లు తెరిచారు. "ఇదేంటండీ మార్తగారూ! ప్రార్థనలో తీర్మానం ఎలా చెల్లుద్దండీ?"

"అయితే పోయిన నెలదీ చెల్లదు కదండీ."

స్టెల్లా కలం ఆగిపోయింది. చైర్మన్ గారు మెల్లగా అన్నారు: "ఐదేళ్లలో మీలో ఒక్కరైనా కాదన్నారాండీ? అందరికీ ఇష్టమేననుకున్నాను."

ఆ మాట మార్తగారికి సూటిగా తగిలింది. "నిజమేనండీ, అది మా తప్పే. ఇప్పుడంటున్నా. మూయడానికి వీల్లేదు."

ఆ బోర్డులో మొదటిసారి కళ్లు తెరుచుకుని చేతులెత్తారు. మూసేయాలని రెండు చేతులు, తెరవాలని ఐదు. అందరికంటే ఆలస్యంగా లేచిన ఐదో చెయ్యి చైర్మన్ గారిది.

మంగళవారం ఆయన మైలవరంలో చొక్కా చేతులు మడిచి బల్ల తుడుస్తుంటే తెరేసమ్మ ఎగాదిగా చూసింది.

"ఈయనెవరమ్మగారూ, కొత్తగా పెట్టుకున్నారా?"

"లేదమ్మా," అన్నారు మార్తగారు బీపీ పట్టీ బిగిస్తూ, "ప్రార్థన చేస్తే వచ్చారు."