‘బండి బయల్దేరింది’ కేశవులు

కోడుమూరులో నూనె అంగడి కేశవులును ఎరగనివారు లేరు. ఆయన్ను పూర్తిగా నమ్మినవారూ లేరు. మనిషి మంచివాడే. తూకంలో మోసం లేదు, నోట్లో బూతు లేదు, ఇంటావిడ రాజ్యలక్ష్మమ్మ గీసిన గీత దాటింది లేదు. మరెందుకు నమ్మరంటే, ఆ మొహం అట్లాంటిది. ఎదుటివాళ్ళతో మాట్లాడుతుంటే ఎడమ కన్ను సగం మూసుకుపోతుంది. పుట్టుకతో వచ్చిన రెప్ప అది. చూసేవాళ్ళకు మాత్రం ఈ మనిషి మనసులో ఏదో పన్నుతున్నాడనిపిస్తుంది.

ఆ రెప్పే ఆయన్ను నటుణ్ణి చేసింది. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో పౌరాణిక నాటకం కడితే ఆయనకెప్పుడూ వేగులవాడి వేషమే. తర్వాత ఒకసారి సినిమావాళ్ళు కర్నూలు బురుజు దగ్గర షూటింగుకు వచ్చారు. టీ బంకు ముందు కూర్చుని, హీరో కారు కదలగానే ఫోన్లో ఒక ముక్క చెప్పే మనిషి కావాలి. గుంపులో నిలబడి చూస్తున్న కేశవులును డైరెక్టరే వేలు చూపించి పిలిచాడు. “అన్నా, బండి బయల్దేరింది.” అంతే మాట. మొదటి టేకులోనే ఓకే అయింది.

అదే మాట నలభై మూడు సినిమాల్లో చెప్పాడు. ఫోన్లు మారాయి, బండ్లు మారాయి, హీరోలు ముసలివాళ్ళై వాళ్ళ కొడుకులు హీరోలయ్యారు. కేశవులు మాట మాత్రం మారలేదు. తెర మీద పేరు పడింది రెండే సార్లు. డోన్ స్టేషన్లో సినిమా చూసొచ్చిన ఒక ముసలాయన “నీ వల్లనే గదరా ఆ పిల్లోడు సచ్చింది” అని చెంప పగలగొడితే, అదే తనకు అవార్డని ఏడాది పొడుగునా చెప్పుకుని తిరిగాడు.

ఊరు నవ్వింది. నవ్వుతూనే జాగ్రత్త కూడా పడింది. పగలూ పంతాలూ చూసిన సీమ ఇది. బయటికి పోయేవాణ్ణి యాడికని అడగరు, అడిగినా నిజం చెప్పరు. కేశవులు ముందైతే పెండ్లివాళ్ళు కూడా బస్సు ఎన్నింటికో నోరు విప్పరు. వెర్రి కాకపోతే, పెండ్లి బస్సుతో ఎవరికేం పని?

ఎదురింటి కృష్ణవేణమ్మది మాత్రం వెర్రి కాదు. ఇరవై తొమ్మిదేళ్ళ కింద ఆమె భర్త శ్రీనివాసులు కోర్టు వాయిదాకని జీపులో డోన్‌కు పోతుంటే దారి మలుపులో కాచి చంపారు. కాచుకున్నారంటే ఎవరో కబురిచ్చారన్నమాట. ఎవరిచ్చారో నేటికీ తేలలేదు. కొడుకు నవీన్ అప్పటికి ఏడాది పిల్లవాడు.

ఆమెకు ఒక్కదానికే తెలిసిన సంగతి ఒకటుంది. ఆ పొద్దున ఆమె కేశవులు అంగడికి నూనెకు పోయింది. “తొందరగా పొయ్యప్పా, మా ఇంటాయన పదింటికి డోన్‌కు పోవల్ల” అంది. కాపురానికొచ్చిన మొదటి రోజే అత్తగారు ఒక జాగ్రత్త చెప్పింది. మగవాళ్ళు పోయే దారి పేరు గడప దాటకూడదు. వంట ఆలస్యమవుతుందన్న ఆత్రంలో నోరు జారింది. అంగట్లో ఇంకో ముగ్గురున్నారు కదా, వాళ్ళు చెప్పి ఉండకూడదా అని మీరనొచ్చు. ఉండొచ్చు. కానీ ఆ రోజుల్లో వీధి మొత్తానికీ ఫోను ఉన్నది ఆ అంగట్లోనే.

మూడేళ్ళ తర్వాత టీవీలో కేశవులు మొదటి సినిమా వచ్చింది. తెర మీద ఆయన ఫోను చెవిన పెట్టుకుని ఆ ముక్క అనగానే కృష్ణవేణమ్మ చేతిలో అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇది నటన కాదు, అలవాటు అనుకుంది. ఆ అనుమానం ఎవరితోనూ చెప్పుకోలేదు. ఎట్లా చెప్పుకుంటుంది? కబురిచ్చింది కేశవులైతే, ఆ కబురు ఆయనకిచ్చింది తను.

పోయిన మాఘంలో ఒక ఉదయం ఆమె వాకిట్లో కళ్ళాపి చల్లుతోంది. ఎదురింటి కిటికీలోంచి కేశవులు గొంతు వినబడింది.

“ఆ పొద్దు బండి బయల్దేరిందని ఫోను చేసింది నేనే తల్లీ. డోన్ రోడ్డని చెప్పింది నేనే. ఇన్నేండ్లు నీ మొహం చూడలేక సస్తాండా.”

ఆమె చేతిలో చెంబు కిందపడింది. కొడుకును పిలవకూడదని ఒక మనసు అంటూనే ఉంది, నోరు మాత్రం పిలిచేసింది. నవీన్ చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా పరుగెత్తాడు. వెనకే ఆమె.

లోపల కేశవులు ఒక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నూనె డబ్బాకు రబ్బరు బ్యాండుతో బిగించిన ఫోను. చెంపల మీద కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి.

నవీన్ గల్లా పట్టుకుని లేపాడు. “ఎవురితో చెప్తాండావు మామా ఆ మాట?”

“ఆడిషనప్పా” అన్నాడు కేశవులు. “హైదరాబాదులో కొత్త డైరెక్టరు. వీడియో తీసి మధ్యాన్నం లోపల పంపమన్యాడు. పేజీడు డైలాగు, నా బతుకులో మొదటిసారి.” కాగితం చూపించాడు. ఒకప్పుడు కబురిచ్చి మనిషిని చంపించినవాడు, ముసలితనంలో ఆ ఇంటి విధవరాలి ముందు ఒప్పుకునే సీను అది.

నవీన్ చదివి గల్లా వదిలేశాడు. సిగ్గుపడి నవ్వాడు కూడా. కృష్ణవేణమ్మ నవ్వలేదు. కాగితం తీసుకుని వేలితో ఒక్కో వరుసా పట్టి చదివింది.

“దీంట్లో డోన్ లేదే కేశవులూ.”

“లేదమ్మా. ఉత్త ‘ఆ రోడ్డు’ అని రాసినారు. అట్ల చెప్తే నాకు ఏడుపు రాలే. మీ ఇల్లు తలుచుకున్న్యా. తప్పే, కాళ్ళు పట్టుకుంటా.”

“నాయన యాడ పోయింది ఊరందరికీ తెలిసిందే గదమ్మా” అన్నాడు నవీన్. “పా ఇంటికి.”

ఆమె కదల్లేదు. “ఆ పొద్దు నేను నీ అంగడికి వచ్చినా. గుర్తుండాదా?”

“వచ్చినావా? ఎందుకమ్మా?”

“నూనెకు.”

“ఏమన్నా చెప్పినావా?”

కొడుకు పక్కనే ఉన్నాడు. తండ్రి మొహం కూడా ఎరగని బిడ్డ. మీ నాయన దారి నేనే బయటపెట్టినా అని వాడి ముందు ఎట్లా అంటుంది? ఇన్నేళ్ళుగా అడగాలనుకున్నది నాలుక చివరికి వచ్చి నిలబడిపోయింది.

“ఏం చెప్పలే” అంది.

“నాకేం గుర్తు లేదమ్మా” అన్నాడు కేశవులు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన రెండు కళ్ళూ సమంగా తెరుచుకుని ఉన్నాయి. ఎడమ రెప్ప వాలలేదు. అరవై మూడేళ్ళ మనిషి మొహంలో ఊరెవరూ చూడనిది ఆమె ఆ రోజు చూసింది. అది నిజం చెప్పే మొహమో, నలభై మూడు సినిమాల్లో ఎవరూ చేయించని నటనో ఆమెకు తేలలేదు.

వేషం దొరికింది. వారం తిరక్కుండానే కేశవులు మైసూరుపాకు పెట్టె పట్టుకుని ఎదురింటి మెట్లెక్కాడు. అదే సమయానికి నవీన్ కారు స్టార్టు చేస్తున్నాడు. కేశవులు ఏమీ అడగలేదు. మర్యాద తెలిసిన మనిషి, తల వంచుకుని పెట్టె చేతికిచ్చాడు.

అడగకుండానే కృష్ణవేణమ్మ చెప్పింది. “కర్నూలుకు పోతాండాడప్పా.”

కారు వీధి చివరికి పోయి, ఇద్దరూ చూస్తుండగానే, డోన్ రోడ్డుకు మళ్ళింది.

“మంచిదమ్మా” అన్నాడు కేశవులు. “కర్నూలుకే పోనీ.”

నవీన్ చేరినానని ఫోను చేసేదాకా ఆమె గడప దిగలేదు. కేశవులూ ఆ మెట్ల మీదనుంచి లేవలేదు.