మొంజూరో ఇంటి ఆడపిల్ల

ఫుసాఎను పన్నెండో యేట రంగస్థలం మీది నుంచి దింపేశారు. అప్పటికి ఆరేళ్లుగా ఆమె, పెద్దవాళ్లలో మగవాళ్లే అన్ని వేషాలూ కట్టే ఒసాకా కబుకి నాటకాల్లో చిన్న రాకుమారుడి వేషాలు కడుతోంది. జనం మధ్యలోంచి వెళ్లే చెక్కదారి మీద ఆ పిల్ల అడుగు పెట్టగానే పై వరుసల వాళ్లు "కిరియా" అంటూ వాళ్ల నటవంశపు బిరుదు పెట్టి కేకలు వేసేవారు. పెద్దమనిషైన మర్నాడు తల్లి ఆమె విగ్గును పెట్టెలో పెట్టి తాడు బిగించేసింది.

"నేనేం తప్పు చేశాను నాన్నా?" అని అడిగింది ఫుసాఎ.

తండ్రి కిరిగానె మొంజూరో ఆడవేషాలకు పేరుమోసినవాడు. ఆటకు ముందు ముఖానికి తెల్లరంగు పూసుకుంటూ అద్దంలోంచే కూతుర్ని చూశాడు.

"తప్పేమీ లేదే. ఆడదానివి, అంతే."

"నువ్వూ రోజూ అక్కడ ఆడదానివేగా."

"మగవాణ్ని కాబట్టే అది విద్య. నిజం ఆడది వెళ్లి నుంచుంటే అందులో విద్యేముంది?"

ఆ మాటకు జవాబు ఆమెకు అప్పుడు తోచలేదు. తర్వాత బతుకంతా తోస్తూనే ఉంది.

మొంజూరోకు కొడుకులు లేరు. ఏడు తరాలుగా తండ్రి నుంచి కొడుక్కి దిగుతూ వచ్చిన పేరు తనతో ఆగిపోతుందని బెంగపడి, సకాయ్‌లో గడ్డిచాపలు కుట్టే ఒకాయన మూడో కొడుకును దత్తత తెచ్చుకున్నాడు. ఎయికిచికి అప్పుడు పదిహేడేళ్లు. మంచివాడే గాని, నడిస్తే నెత్తిన చాపల మోపు ఉన్నట్టుండేది. మొంజూరోకు మోకాళ్లు పట్టేశాయి. నోటితో చెప్పగలడు, లేచి చూపించలేడు. చూపించే పని ఇరవయ్యేళ్ల ఫుసాఎ మీద పడింది.

ఆమె ఐదేళ్లు వాడితో కుస్తీ పట్టింది. మోకాళ్ల మధ్య కాగితం ముక్క పెట్టి, అది జారకుండా నడవమనేది. వీపు మీద చెయ్యి వేసి రెండు రెక్కల ఎముకలూ దగ్గరికి తెచ్చి, "ఇప్పుడు భుజాలు దించు. ఏడవబోతూ ఆపుకున్నదాని భుజాలు అలా ఉంటాయి" అనేది. మెడ ఎంత వాల్చాలో, ఎక్కడ ఆపాలో తెరపక్క సందులోంచి తండ్రిని చూసి తాను దొంగిలించుకున్నదంతా వాడి ఒంట్లోకి ఎక్కించింది.

ఎయికిచికి, మొంజూరో కుర్రతనంలో వాడిన రంగస్థలం పేరు పెట్టే రోజు వచ్చింది. వేదిక మీద మగవాళ్లందరూ వరుసగా కూర్చుని నేలకు తల ఆనించారు. "మా ఇంటి రక్తం ఇతనిలో పారుతోంది" అని మొంజూరో గంభీరంగా ప్రకటించాడు. ఇంటి ఆడవాళ్ల చోటు బయట వసారాలో. వచ్చినవాళ్లకు నడుం వంచి నమస్కారాలు పెట్టాలి. విరామంలో బయటికొచ్చిన సారా బట్టీల యజమాని భార్య ఫుసాఎ దగ్గర ఆగింది.

"రక్తం ఎక్కడికి పోతుందమ్మా. ఆ మెడ వాలు చూశావూ, అచ్చం మీ నాన్నగారిదే."

తల్లి వెనకనుంచి గిల్లుతున్నా ఫుసాఎ ఆగలేదు. "ఆ వాలు నేను నేర్పిందండీ. వాళ్ల నాన్న సకాయ్‌లో చాపలు కుడతాడు" అంది.

ఆవిడ విసనకర్ర ముఖానికి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వెళ్లిపోయింది.

ఆట అయ్యాక వేషాల గదిలో మొంజూరో అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఏడు తరాల పరువు వసారాలో పారబోశావు కదే."

"చాపలాయన కొడుకులోకి మన రక్తం ఎలా వచ్చింది నాన్నా? సూది వేయించారా?"

"పేరు తీసుకుంటే రక్తం వస్తుంది."

"అయితే ఆ పేరు నాకివ్వు. రక్తం నా దగ్గర ముందే ఉంది."

సగం రంగు తుడుచుకున్న ముఖంతో ఎయికిచి తల వంచాడు. "అక్క చెప్పింది నిజమే నాన్నగారూ."

"నువ్వు నోరు ముయ్యి."

వారం తిరక్కముందే తండ్రి ఒక ఉపాయం పన్నాడు. ఎయికిచి తోడబుట్టినవాడు కాదు కనుక, ఇద్దరికీ పెళ్లి చేస్తే పుట్టేవాడు అసలు రక్తమే అవుతాడట. "అంటే నేను రక్తం మోసే కుండనా?" అని ఫుసాఎ ఆ మధ్యాహ్నమే ఇల్లు వదిలింది. నూడుల్స్ దుకాణం పైన ఒక గది తీసుకుని ఆడపిల్లలకు నాట్యం నేర్పసాగింది. ఇంటి చిహ్నం నాట్యంలో పట్టే విసనకర్రల మీద కూడా కనపడకూడదని తండ్రి కబురు చేశాడు. ఆమె గుమ్మం తెర మీద "ఫుసాఎ" అని మాత్రం రాయించింది.

కొత్త వేషం వచ్చినప్పుడల్లా ఎయికిచి దుకాణం వెనక మెట్ల మీంచి వచ్చేవాడు. మూడోసారికి ఆమె తలుపు తీయలేదు.

"ముందు వైపు నుంచి రా. వీధంతా చూడాలి."

అతను చుట్టూ తిరిగి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, పదేళ్ల పిల్లల వరుస చివర కూర్చుని తల వంచాడు. ముప్పయ్యేళ్లపాటు అలాగే వచ్చాడు. అతని ఆటల కరపత్రాల్లో మాత్రం ఒక్కసారీ ఆమె పేరు పడలేదు. రాయించమని తండ్రిని అడిగే ధైర్యం అతనికి రాలేదు.

మొంజూరో తొంభయ్యోపడిలో పోయాడు. "ఏకైక వారసుణ్ని విడిచి వెళ్లారు" అని దినపత్రిక రాసింది. ఫుసాఎ నల్ల కిమోనోలోనే ట్రామెక్కి పత్రికాఫీసుకు వెళ్లి, సవరణ వేస్తామనేదాకా బల్ల ముందు నుంచి కదల్లేదు.

మర్నాడు లోపలి పేజీలో ఒక మూల ఆ వాక్యం పడింది: "మొంజూరో గారికి ఒక కుమార్తె కూడా ఉన్నారు."

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది.

"కూడానట" అంది, పేపరు కింద పడేసి.